తలుపు తట్టిందెవరు?

మెకానిక్కు తన భార్య గొంతు మరిచిపోయాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గు. ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు ఎలా మరిచిపోయావని నిలదీస్తారు. నిలదీసేవాళ్ళకేం పోయింది? ఆమె గొంతులో పుండు లేచి, డాక్టర్లు స్వరపేటిక తీసేశాక పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళూ సైగలతోనూ ఒక పిల్లల పలకతోనూ సంసారం నడిపింది. పలక మీద కూడా చీవాట్లు దివ్యంగా పెట్టేది. మాట కింద ఒక గీత గీస్తే కోపం, రెండు గీతలు గీస్తే ఆ పూట వంట మీరే చేసుకోండని. పోయిన ఏడు ఆమె కన్నుమూసింది. నెల తిరక్కుండానే అతను ఫోనులో ఉన్న వీడియోలన్నీ తిరగేశాడు. అన్నిట్లోనూ ఆమె నవ్వుతోంది, చెయ్యి ఊపుతోంది, పలక ఎత్తి చూపిస్తోంది. ఒక్కదాంట్లోనూ మాట లేదు. ఆపరేషనుకి ముందు ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను, అందులో వీడియోల సౌకర్యమే లేదు.

తమాషా ఏమిటంటే అతను చేసిన పని జీవితమంతా ఇదే. రేడియోలు, టేప్ రికార్డర్లు, టీవీలు, వీసీఆర్లు. ఊళ్ళో వాళ్ళ పాటలూ మాటలూ మళ్ళీ వినపడేలా చేసి పంపించిన మనిషి, ఇంట్లో గొంతుని ఒక్కసారి టేపు మీద పట్టి ఉంచలేదు. రేపు చూద్దాంలే అని వాయిదా వేసినా కొంత నయం. అసలు తోచనే లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెవిలో మోగేదాన్ని ఎవరు దాచుకుంటారు?

మిగిలిన ఆశ ఒక్కటే, అది ఒక సీరియల్.

ముప్ఫై ఏళ్ళ కిందట ప్రతి గురువారం సాయంత్రం 'ఏడో నంబరు వాటా' అని వచ్చేది. ఒకే పెద్ద ఇంట్లో ఏడు వాటాలు, ఏడు కుటుంబాలు, ఏడో వాటాలో కుట్టుమిషను మీద బతికే ఒక అక్క. జనం చెవికోసుకునేవాళ్ళు. దాని షూటింగు వీళ్ళ వీధి చివరింట్లోనే జరిగేది. ఒకరోజు చిన్న వేషం వెయ్యాల్సిన నటికి జ్వరం వచ్చింది. అసిస్టెంటు డైరెక్టరు వీధిలోకి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి చోద్యం చూస్తున్న ఈమెని పట్టుకుని, "అమ్మా, నాలుగు మాటలు చెప్పగలరా?" అన్నాడట. "నాలుగేం ఖర్మ, నలభై చెబుతాను" అందట ఈమె. పక్క వాటా ఆవిడగా ఏడో వాటా తలుపు తట్టి, అరువు తెచ్చుకున్న ఇస్త్రీ పెట్టె తిరిగిచ్చి వెళ్ళాలి. అంతే. మొత్తం మీద ఒక నిమిషం. ప్రసారమైన రోజున మెకానిక్కు తన కొట్లో బాగుచేసిన నాలుగు టీవీలూ ఒకేసారి పెట్టాడు. నలుగురు భార్యలు ఒక్కసారే ఇస్త్రీ పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. కొట్టు ముందు జనం ఈలలు వేశారు.

ఆ టీవీ సంస్థ వాళ్ళు ఆ తర్వాత పొదుపు కోసం పాత టేపుల మీదే కొత్త కార్యక్రమాలు తీసుకుంటూ పోయారు. సీరియల్ మొత్తం గాలికి పోయింది. ఎవరైనా ఇంట్లో వీసీఆర్‌లో పట్టుకుని ఉంటే అదే ఉన్నట్టు.

ఆ 'ఎవరైనా' ఉన్నారని కనిపెట్టింది అతని మరదలు. భార్యకి చెల్లెలు, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమె గొంతు వింటే అక్క గొంతు గుర్తొస్తుందేమో అనుకునేరు. రేకు పెట్టెని గచ్చు మీద ఈడ్చినట్టుంటుంది ఆ గొంతు. అక్కచెల్లెళ్ళకి ముక్కు కలిసింది గానీ గొంతు కలవలేదు. లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూసి ఫోను చేసింది. "బావా! ఆ సీరియల్ పిచ్చివాళ్ళందరూ ఏటా ఒకచోట చేరతారట. ఈసారి పదో సమావేశం అట. నువ్వు వెంటనే ఫోను చెయ్యి."

చేశాడు. ఎత్తింది ఆ సంఘం అధ్యక్షుడు, రిటైరైన పోస్టుమాస్టరు. "ఇస్త్రీ పెట్టె ఉన్న భాగం ఏదైనా మీ దగ్గరుందాండీ?" అని అడిగాడు మెకానిక్కు.

"రెండువందల పన్నెండు! ఉండకేం? ప్రతి ఏడూ అదే వేస్తాం. మా సమావేశానికి ప్రాణం అదే."

"అందులో ఒకావిడ తలుపు దగ్గరికి వచ్చి..."

"ఆపండాపండి! వేసేముందు కథ చెప్పకూడదు, మా సంఘంలో అది మొదటి నియమం. మీరు రండి, కూర్చోండి, చూడండి."

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం వచ్చేదాకా నిద్ర పట్టలేదు. గడ్డం గీయించుకుందామని కూడా అనుకున్నాడు గానీ తెల్లటి గడ్డం మొహానికి అలవాటైపోయింది, వదిలేశాడు. చిన్న రికార్డరు ఒకటి జేబులో వేసుకున్నాడు. కొత్త బ్యాటరీలు వేశాడు. ఇంకో జత పాంటు జేబులో పెట్టుకున్నాడు.

సమావేశం స్టేషనరీ కొట్టు మీద అద్దె హాల్లో జరుగుతోంది. మెట్లు ఇరుకు, రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, నలభై కుర్చీలు వేస్తే ఇరవై మూడు నిండాయి. వచ్చినవాళ్ళలో యాభై దాటనివాళ్ళు కనిపించలేదు. గుమ్మం దగ్గర బల్ల మీద చీటీలు, గుండుసూదులు. ప్రతి అభిమానీ తనకిష్టమైన వాటా నంబరు చీటీ గుండెకి గుచ్చుకోవాలి, ఆ రోజంతా ఆ పేరుతోనే పిలుస్తారు.

"మీరు ఏ వాటా అండీ?" అని పోస్టుమాస్టరు అడిగాడు.

"మాది సొంతిల్లేనండీ" అన్నాడు మెకానిక్కు.

మరదలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, అతని చొక్కాకి 'మూడు' గుచ్చి, తాను 'ఐదు' గుచ్చుకుంది. ఐదో వాటా గయ్యాళి ఇల్లాలిదట. ఎందుకు ఎంచుకుందో అతను అడగలేదు.

పక్క బల్ల మీద ప్రదర్శన ఉంది. ఏడో వాటా తలుపుకి వేసిన తాళం, తాళంచెవి లేదు. అక్క కుట్టుమిషనుదని చెప్పే ఒక చక్రం. టీ మరకలున్న స్క్రిప్టు పేజీ ఒకటి, అద్దం కింద. జనం వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. ఆసుపత్రికి పేషెంటుని చూడ్డానికొచ్చినట్టు గుసగుసగా మాట్లాడుతున్నారు. మెకానిక్కుకి నవ్వు రాలేదు. వీళ్ళ పిచ్చి వల్లే తనకి దారి దొరికింది, ఎవరి చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టమన్నా పెట్టేవాడే.

ముందు క్విజ్ పెట్టారు. పెరట్లో నూతికి ఎన్ని మెట్లు, రెండో వాటా తాతగారి పళ్ళసెట్టు ఎన్నిసార్లు పోయింది, ఇలాంటివి. ఒక ప్రశ్నకి ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచి వేళ్ళు చూపించుకునేదాకా వచ్చింది. ఆ తర్వాత పోస్టుమాస్టరు ఒక బిస్కెట్ల డబ్బా పైకెత్తాడు. హాలు మొత్తం చప్పట్లు.

"ఇక అసలు పోటీ! పదేళ్ళుగా తేలని ప్రశ్న. రెండువందల పన్నెండో భాగంలో తలుపు తట్టిందెవరు? చీటీల మీద రాసి డబ్బాలో వెయ్యండి. తర్వాత బొమ్మ వేస్తాం."

మెకానిక్కు మరదలి వైపు తిరిగాడు. "అదేమిటి? చూస్తే తెలిసిపోతుందిగా. తేలకపోవడమేమిటి?"

"పిచ్చివాళ్ళు బావా, నీకెందుకు" అంది మరదలు.

అతను జేబులో రికార్డరుని తడిమి చూసుకున్నాడు. చుట్టూ జనం చీటీలు రాస్తున్నారు. అక్క మొగుడు బతికే ఉన్నాడు, అతనే వచ్చాడు అంటోంది ఒకావిడ. కాదు పోలీసు అంటున్నాడు ఇంకొకాయన. ముగ్గురు ఆనాడే టీవీలో కళ్ళారా చూశామన్నారు, ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు.

క్యాసెట్టు తెచ్చినావిడ లైబ్రేరియన్. సన్నటి మనిషి, క్యాసెట్టుని రెండు చేతులతో పట్టుకుని ముందుకి వచ్చింది. కొత్తవాళ్ళు ఉన్నారు కాబట్టి చరిత్ర చెబుతానని మొదలుపెట్టింది. "ఆ గురువారం నాకు సాయంత్రం డ్యూటీ. వీసీఆర్‌కి టైమరు పెట్టి వెళ్ళాను. మర్నాడు కూర్చుని వేసుకున్నాను. తలుపు చప్పుడైంది, అక్క లేచింది, సరిగ్గా అక్కడ మిషను టేపుని నమిలి ఆగిపోయింది. క్యాసెట్టు లోపలే ఇరుక్కుపోయింది. అలాగే రిపేరుకి ఇచ్చాను. మిషను బాగై వచ్చింది. టేపు మాత్రం... చూడండి."

మెకానిక్కు జేబులోంచి రికార్డరు తీసి, మీట నొక్కి మోకాలి మీద పెట్టుకున్నాడు.

తెర మీద ఏడో వాటా వచ్చింది. బొమ్మ కొంచెం పాలిపోయింది గానీ శబ్దం నికార్సుగా ఉంది. కుట్టుమిషను చప్పుడు, బయట పిల్లల కేకలు. మూడుసార్లు తలుపు తట్టారు. ఆ తట్టడం ఆమెది, ఆమె చెయ్యి. అతను ముందుకి వంగాడు. "ఎవరూ?" అంటూ అక్క లేచింది, గడియ తీసింది, తలుపు తెరుచుకుంది.

తెర నిండా రంగుల చారలు పడ్డాయి. నిలువుగా ఏడు చారలు, వెనక కూ అని ఒకే మోత. హాల్లో అందరూ ఒకేసారి గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. అది వాళ్ళ ఆచారం. డెబ్భై రెండు దాకా లెక్కపెట్టారు. చారలు పోయాయి. తలుపు మూసుకుంటోంది, అక్క చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది, ఆమె నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని నిలబడింది.

జనం చప్పట్లు కొట్టారు.

అందరూ చారలు చూశారు, మెకానిక్కు చారల వరస చూశాడు. ఇలాంటి బొమ్మలో తెలుపు పక్కన పసుపు ఉండాలి, చివర్న నీలం ఉండాలి. ఇక్కడ తెలుపు పక్కన నీలం, చివర్న పసుపు. ఈ వరస లోకంలో ఒకే ఒక్క పెట్టెలోంచి వచ్చేది. ఆ పెట్టె అతనే చేత్తో కట్టుకున్నాడు. రెండు తీగలు తారుమారుగా అతికించాడు. పరీక్షకి ఏ రంగైతే ఏం అని మళ్ళీ విప్పలేదు. వీసీఆర్ బాగుచేశాక రికార్డు చేస్తోందా లేదా చూడాలిగా, ఆ పెట్టె తగిలించి ఒక నిమిషం చారలు ఎక్కించి, వెనక్కి తిప్పి చూసుకునేవాడు. తన సొంత క్యాసెట్టు ఎప్పుడూ వాడేవాడు కాదు. మిషను ఇంకా నములుతుందేమో, నమిలితే గిరాకీ క్యాసెట్టునే నమలనీ అని. లోపల ఏది ఇరుక్కుని ఉంటే దాని మీదే, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడి నుంచే మీట నొక్కేవాడు. ఎక్కించేటప్పుడు టీవీ అటు తిప్పి ఉండేది. ఏ బొమ్మ మీద ఎక్కిస్తున్నాడో చూడాలని ఒక్కనాడూ అనిపించలేదు.

"ఇలా చారల్ని తారుమారు చెయ్యడం కావాలని చేసిన పని" అని వెనక వరసలో ఒకాయన వివరిస్తున్నాడు. "సంస్థవాళ్ళే దాచేశారు. అందులో ఏదో సంకేతం ఉంది."

"సంకేతం కాదు, వెధవ పని" అంది లైబ్రేరియన్. "వేసుకునేముందే నేను జాగ్రత్తగా క్యాసెట్టు వెనక ప్లాస్టిక్ రెక్క విరిచి పెట్టాను. రెక్క విరిస్తే దాని మీద ఎవరూ రికార్డు చెయ్యలేరు. ఆ రిపేరువాడు ఆ కన్నానికి జిగురు టేపు ముక్క అతికించి మరీ ఎక్కించాడు. ఇదిగో, జిగురు ఇప్పటికీ ఉంది."

అతికించాడు. అలా చెయ్యడం మెకానిక్కులందరికీ అలవాటే. క్యాసెట్టు చేతులు మారుతూ అతని దాకా వచ్చింది. జిగురు మరకని బొటనవేలితో తడిమాడు.

"మా బావ వీసీఆర్ మెకానిక్కే!" అంది మరదలు గొప్పగా. తలలన్నీ ఇటు తిరిగాయి. పోస్టుమాస్టరు కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చాడు. "అయితే చెప్పండి. ఈ చారల కింద పాత బొమ్మ ఉంటుందా? ఇప్పుడొచ్చిన మిషన్లతో తియ్యగలమా?"

అందరి కళ్ళలోనూ ఆశ. అబద్ధం చెబుదామా అని కూడా అనిపించింది, ముందు తనకే చెప్పుకోవచ్చు. కానీ పని గురించి అబద్ధం అతనికి నోటికి రాదు.

"లేదండీ. మిషను కొత్తది ఎక్కించేముందు పాతది చెరిపేస్తుంది. బొమ్మా, శబ్దం రెండూ. కింద ఏమీ ఉండదు."

హాలు నిట్టూర్చింది. నిట్టూర్పులో కొంత సంతోషం కూడా ఉంది. మళ్ళీ ఏడాదికి డబ్బా సిద్ధంగా ఉంటుందిగా! అక్కడితో ఆగిపోయుంటే అంతా మామూలుగా టీకి వెళ్ళేవాళ్ళు. అతని మరదలికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అక్క గొంతు వినడానికి ఆమె కూడా ఆశపడి వచ్చింది. దుఃఖం వస్తే ఆమె అరుస్తుంది.

"మొగుడూ కాదు, పోలీసూ కాదు! ఆ తలుపు తట్టింది మా అక్క!"

ఇంక చూడండి. కుర్చీలు కిర్రుమన్నాయి. చుట్టూ మూగారు. ఎవరు మీ అక్క, ఎప్పుడు, ఎలా, రుజువేమిటి అని తలా ఒక వైపు నుంచి లాగారు. మరదలు అన్నీ చెప్పింది. జ్వరం వచ్చిన నటి, అసిస్టెంటు డైరెక్టరు, ఇస్త్రీ పెట్టె. ఏడో వాటాలోకి ఇస్త్రీ పెట్టె ఎలా వచ్చిందో పదేళ్ళుగా తేలలేదట. అది ఇప్పుడు ఇట్టే తేలిపోయింది. సంకేతం అన్నాయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఏం మాట్లాడిందావిడ? మాటలు గుర్తున్నాయా?" అని పోస్టుమాస్టరు మెకానిక్కు చెయ్యి పట్టుకున్నాడు.

మాటలు గుర్తులేకేం. స్క్రిప్టులో ఉన్నది 'ఇదిగో మీ ఇస్త్రీ పెట్టె' అన్న ఒక్క ముక్క. మిగతాది ఆమె సొంత కవిత్వం. అక్క వేషం వేసినావిడకి నిజంగానే నవ్వొచ్చింది, డైరెక్టరు అలాగే ఉంచేశాడు. ఆరు నెలలు వీధి వీధంతా ఆ మాటలతో మెకానిక్కుని ఏడిపించింది. అతను గొంతు సవరించుకుని, పాఠం అప్పచెప్పినట్టు చెప్పాడు.

"ఇదిగో అక్కా, మీ ఇస్త్రీ పెట్టె. కాలుతోందో లేదో చూసి మరీ తీసుకోండి. మా ఆయన విప్పి చూస్తానన్నాడు, నేనే దాచేశాను. ఆయన ఒకటి బాగుచేశాడంటే పక్కన ఇంకోటి పోతుంది."

హాలు గొల్లుమంది. కొందరు చప్పట్లు కొట్టారు. లైబ్రేరియన్ గబగబా నోట్‌బుక్కులో రాసుకుంది. అప్పుడే ఎవరో అన్నారు, "మగగొంతుతో ఏం బావుంటుంది? లెక్కల టీచర్‌తో చెప్పించండి!"

లెక్కల టీచర్ వాళ్ళ సంఘంలో పేరున్న గొంతు. పోయిన భాగాలన్నిటినీ జ్ఞాపకం మీద ఆవిడే చదివి వినిపిస్తుందట. గుండ్రటి మనిషి, మంచి మనసు. ఆవిడ మెకానిక్కు ఎదురుగా వచ్చి నిలబడి, ఎంతో మర్యాదగా అడిగింది. "మీకు అభ్యంతరం లేకపోతేనేనండీ. ఆవిడలా చెప్పాలనే నా తాపత్రయం. ఎక్కడ తప్పితే అక్కడ ఆపండి."

అభ్యంతరం ఉన్నా అతను సరేనన్నాడు. ఒక మూల ఆశ కూడా పుట్టింది. వింటే గుర్తొస్తుందేమో. ఇది కాదు అనగలిగితే, అది ఏదో తెలుస్తుందేమో.

టీచర్ చెప్పింది. గంట మోగినట్టుంది గొంతు.

"ఇంత... ఇంత గట్టిగా కాదు" అన్నాడు.

మళ్ళీ చెప్పింది, తగ్గించి.

"కొంచెం తొందరగా అనేది."

మళ్ళీ చెప్పింది. "ఇలాగా? చివర్న పైకి లేపేదా, కిందకి దించేదా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. లేపేదా? దించేదా? ఒక్క క్షణం కిందట అక్కడెక్కడో సన్నగా ఏదో ఉంది. చెయ్యి చాచితే తగిలేంత దూరంలో ఉంది. ఇప్పుడు అక్కడ టీచర్ నిలబడి ఉంది.

"లేపేది" అన్నాడు, తెలిసి కాదు, అందరూ కాచుకుని ఉన్నారని.

నాలుగోసారి, ఐదోసారి చెప్పింది. ఒకాయన ఫోను పట్టుకుని రికార్డు చేశాడు, సంఘం దగ్గర భద్రంగా ఉంటుందని. మధ్యలో పోస్టుమాస్టరు బల్ల మీద మూడుసార్లు కొట్టాడు, తలుపు చప్పుడు కోసం. ఆరోసారికి టీచర్ గొంతులో కొంటెతనం కూడా వచ్చేసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరదలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మెకానిక్కు మోకాలి మీద రికార్డరు తిరుగుతూనే ఉందని అతనికి అప్పుడు తెలిసింది. ఆపేశాడు.

టీ అయింది. జనం పలచబడ్డారు. లైబ్రేరియన్ ఒక్కతే బల్ల దగ్గర క్యాసెట్లని మెత్తటి గుడ్డల్లో చుట్టి ట్రంకు పెట్టెలో సర్దుతోంది. రెండువందల పన్నెండు ఇంకా మెకానిక్కు చేతిలోనే ఉంది. వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"గడియారం కూడలి పక్క సందులో ఇచ్చారా, రిపేరుకి?"

"అవును. మీకెలా తెలుసు?"

"ఆ చారలు నావేనండీ. ఆ పెట్టె నేను తప్పుగా కట్టాను. రెక్క కన్నానికి టేపు అతికించిందీ నేనే."

లైబ్రేరియన్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ముప్ఫై ఏళ్ళ కిందటి నల్ల గడ్డం వెతుక్కుంటున్నట్టుంది. తిడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. తిడితే కొంచెం తేలికయ్యేది.

"రెండు రోజుల్లో బాగుచేసి ఇచ్చారు" అంది ఆవిడ. "నేను మీకు థాంక్స్ కూడా చెప్పాను."

"మా ఆవిడే ఉందందులో. నాకు తెలీదు."

"తెలుసుకోవాలని చూడలేదు మీరు" అంది ఆవిడ, మెల్లిగానే. అతని చేతిలోంచి క్యాసెట్టు తీసుకుంది, గుడ్డలో చుట్టింది, పెట్టెలో పెట్టి మూత వేసింది. తర్వాత హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి. మీ మీద కోపమొచ్చి కాదు. తలుపు దగ్గర ఎవరో తేలిపోయింది. చారలు ఎవరివో కూడా తేలిపోతే ఇంక వీళ్ళకి ఏం మిగులుతుంది?"

అప్పటికే ఏం మిగల్లేదు. గుమ్మం దగ్గర పోస్టుమాస్టరు బిస్కెట్ల డబ్బా బోర్లించి చీటీలు చెత్తబుట్టలోకి దులుపుతున్నాడు. వచ్చే ఏడాది తేదీ చెప్పండని ఎవరో అడిగితే, "చూద్దాం, చూద్దాం, అందరికీ తెలియజేస్తాను" అంటున్నాడు. సంకేతం పెద్దమనిషి తన చొక్కాకున్న వాటా చీటీ తీసి బల్ల మీద పెట్టి, వీడ్కోలు చెప్పకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బస్సులో మరదలు కిటికీ పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి తేలికపడింది. సాయంత్రపు ఎండ ఆమె మొహం మీద పడుతోంది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి బావా. ఆ టీచర్ భలే పట్టుకుంది. చివర్లో అయితే అచ్చం అక్కే అనుకో."

"నిజంగానా?" అన్నాడు అతను. ఎంత ఆత్రంగా అడిగాడంటే ఆమె తిరిగి చూసింది.

"అంటే... నాకు మాత్రం ఎక్కడ గుర్తుందిలే. ఆ గొంతు విని పన్నెండేళ్ళయింది. అలాగే ఉండేదని అనిపించింది." మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "నువ్వే కదా సరిదిద్దావు" అంది.

ఆమె తన స్టాపులో దిగిపోయింది. అతను తలని సీటుకి ఆనించి, ఇస్త్రీ పెట్టె మాటలు మనసులో అనుకున్నాడు. టీచర్ వినపడింది, చివర్న పైకి లేపుతూ. సరే, ఇందాకే విన్నాను కాబట్టి అలాగే ఉంటుంది, వేరే ఏదైనా అనుకుందాం అని, ఆమె రోజూ అనే మాటలు ఒక్కొక్కటే వెతికాడు. పాలు పొంగుతున్నాయి చూడండి. ఆ చొక్కా విప్పండి, ఉతకాలి. నా మాట ఎప్పుడు విన్నారు గనక. అన్నీ దొరికాయి. అన్నీ గంట మోగినట్టు, తప్పుల్లేకుండా, టీచర్ అప్పచెప్పింది.

ఇంటికొచ్చి తాళం తీశాడు. చెప్పులు విడుస్తూ అలవాటు కొద్దీ ఆగాడు. కొట్టు మూసి వచ్చిన ప్రతి సాయంత్రం వంటింట్లోంచి ఒక మాట వినపడేది. ఆపరేషను ముందు రోజు దాకా ఒక్కనాడూ తప్పలేదు. ఆ మాట ఒక్కటైనా మిగిలి ఉంటుందని గుర్తుచేసుకున్నాడు.

"వచ్చారా?" అని అడిగింది లెక్కల టీచర్.